పెట్రోలు పడవ ఇంజన్‌కు కొత్త డిస్ట్రిబ్యూటర్ అమర్చుకోవడం ఎలా?

డాలస్ దగ్గరి లూయిస్‌విల్ సరస్సులోనో, అట్లాంటా దగ్గరి లేనియర్ సరస్సులోనో తిప్పుకోవడానికి పాత పెట్రోలు పడవ కొనుక్కున్న మన తెలుగువారు వేసవి మొదలయ్యేసరికి అడిగే ప్రశ్న ఒకటే: ‘‘ఇంజన్‌లోని పాత డిస్ట్రిబ్యూటర్ తీసేసి, బయట దొరికే కొత్తదాన్ని నేనే బిగించుకోవచ్చా?’’ బిగించుకోవచ్చు. డిస్ట్రిబ్యూటర్ అంటే నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తును ఒక్కో సిలిండర్‌కూ వరుస ప్రకారం పంచే పరికరం. చేతిలో పానా పట్టుకోవడం అలవాటున్నవారికి దాన్ని మార్చడం ఒక పూట పని. అయితే ఈ పనిలో బిగించడం కన్నా, పాతది తీసే ముందు గుర్తులు పెట్టుకోవడం, బిగించిన తరువాత సరిచూసుకోవడం ముఖ్యం. ఈ పనిలో చెడిపోయిన ఇంజన్లలో ఎక్కువ భాగం ఈ రెండింటిలో ఏదో ఒకటి మానేసినందువల్ల చెడిపోయినవే.

ఇక్కడ వివరించేది కార్బురెటర్ ఉన్న 5.7 లీటర్ల జనరల్ మోటార్స్ వి8 ఇంజన్ గురించి. 1955లో షెవర్లే కార్ల కోసం పుట్టిన స్మాల్ బ్లాక్ కుటుంబానికి చెందిన ఈ ఇంజన్‌ను మెర్‌క్రూజర్, వోల్వో పెంటా, ఓఎంసీ సంస్థలు తమ పడవ ఇంజన్లకు మూలంగా వాడుకున్నాయి కాబట్టి, పాత పడవ మూత ఎత్తితే కనిపించేది చాలాసార్లు ఇదే. అదే సంస్థ 3.0 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌కూ, 4.3 లీటర్ల వి6కూ పద్ధతి ఇదే కానీ, నిప్పురవ్వ అందే వరుస, అంటే ఫైరింగ్ ఆర్డర్, వేరు. కంప్యూటర్ అధీనంలో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్లకు ఈ పద్ధతి వర్తించదు. విశాఖ, కాకినాడ రేవుల్లోని మరబోట్ల గురించి అడిగినవారూ ఉన్నారు. అవి డీజిల్ ఇంజన్లు. వాటికి స్పార్క్ ప్లగ్గే లేనప్పుడు డిస్ట్రిబ్యూటర్ ప్రసక్తే రాదు.

కొనే ముందు తేల్చుకోవలసినవి

మొదటి మాట: కారు డిస్ట్రిబ్యూటర్ కొనవద్దు. రంధ్రంలో చక్కగా కూర్చుంటుంది, ఇంజన్ కూడా నడుస్తుంది, ధర కూడా తక్కువే. అందుకే చాలామంది దానివైపు మొగ్గుతారు. కారు బానెట్ కింద గాలి ఆడుతుంది. పడవలో ఇంజన్ ఉండేది మూసి ఉన్న గదిలో. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి ఆ గది అడుగున పేరుకుంటుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల నిరంతరం నిప్పురవ్వలు పుడుతూనే ఉంటాయి. పడవల కోసం చేసినదానిలో, లోపల ఆవిరి అంటుకున్నా మంట బయటికి పాకకుండా గాలిరంధ్రాలకు సన్నని జాలీలు అమర్చి ఉంటాయి. పెట్రోలు ఇంజన్ గదిలోని విద్యుత్ పరికరాలకు ఈ రక్షణ ఉండాలని అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనలు చెబుతున్నాయి. పెట్టె మీద ‘ఎస్ఏఈ జె1171’ అన్న ప్రమాణం సంఖ్య ఉన్నదో లేదో చూసి మరీ కొనండి. ఇది కాక మరో తేడా కూడా ఉన్నది. పడవ ఇంజన్ బతుకంతా తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతున్న కారు బతుకే. ఎప్పుడూ బరువు లాగుతూనే ఉంటుంది. అందుకని పడవ డిస్ట్రిబ్యూటర్‌లో వేగంతో పాటు టైమింగ్, అంటే రవ్వ పుట్టే క్షణం, ముందుకు జరిగే తీరు (అడ్వాన్స్) వేరుగా ఉంటుంది, కార్లలోలాగా ఇంజన్ పీల్పుతో దాన్ని ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ ఉండదు.

రెండవది, అడుగున ఉండే గేరు లోహం. ఈ గేరును తిప్పేది ఇంజన్ కవాటాలను తెరిచే క్యామ్‌షాఫ్ట్. పాత ఫ్లాట్ టాపెట్ క్యామ్‌షాఫ్ట్ పోత ఇనుముతో చేసినది కాబట్టి దానికి పోత ఇనుప గేరు సరిపోతుంది. 1990ల నడుమ నుంచి వచ్చిన రోలర్ క్యామ్‌షాఫ్ట్ ఉక్కుది. దాని మీద మామూలు పోత ఇనుప గేరు తొందరగా అరిగి, ఆ పొడి ఆయిల్‌లో కలిసి ఇంజన్ అంతా తిరుగుతుంది. రోలర్ క్యామ్‌కు మెలొనైజ్డ్ (పైపొరను గట్టిపరచిన) గేరు ఉన్నదే అడగండి. మీ ఇంజన్‌లో ఏ క్యామ్ ఉన్నదో ఇంజన్ సీరియల్ నంబరు చెబితే విడిభాగాల దుకాణంవారు చెప్పగలరు.

మూడవది తిరిగే దిశ. రెండు ఇంజన్ల పడవల్లో ఒక ఇంజన్ తరచు రెండవదానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. కేటలాగుల్లో ‘కుడిచేతి’, ‘ఎడమచేతి’ అని రాసేది ఏ కొస నుంచి చూసి రాశారో తెలియక చాలామంది పొరబడతారు. క్యాప్ (వైర్లు దిగే పైమూత) తీసి, ఇంజన్ కొద్దిగా తిప్పి, రోటర్ (లోపల తిరుగుతూ ఒక్కో వైరుకూ విద్యుత్తు అందించే ముక్క) ఎటు తిరుగుతున్నదో మీ కంటితోనే చూసుకోండి. మామూలు 5.7 ఇంజన్‌లో, పైనుంచి చూస్తే, రోటర్ గడియారపు ముళ్ల దిశలో తిరుగుతుంది.

అసలు మార్చవలసిన అవసరం ఉన్నదా అన్నది కూడా చూడాలి. క్యాప్ తీసి రోటర్ షాఫ్ట్‌ను పక్కలకు ఊపండి. టకటకమని ఆడితే బుష్‌లు అరిగినట్లే. అప్పుడు కొత్తదే వేయాలి. షాఫ్ట్ బిగువుగా ఉండి, బాధ కేవలం పాయింట్లు (రవ్వ పుట్టేలా కరెంటును తెంచి కలిపే స్విచ్చు), వాటి కండెన్సర్ మాటిమాటికీ పాడవడమే అయితే, ఆ పాత డిస్ట్రిబ్యూటర్‌లోనే పాయింట్ల స్థానంలో కూర్చునే ఎలక్ట్రానిక్ కిట్ వేసుకుంటే సరిపోతుంది. దానికి డిస్ట్రిబ్యూటర్‌ను కదపనక్కరలేదు. నా సలహా అడిగితే, సగం మందికి ఈ రెండవ మార్గమే చాలు.

కావలసినవి

- మీ ఇంజన్ సర్వీసు పుస్తకం, కొత్త డిస్ట్రిబ్యూటర్‌తో వచ్చిన కాగితం
- కొత్త గాస్కెట్, కొత్త క్యాప్, రోటర్, అవసరమైతే ప్లగ్ వైర్లు
- 9/16 అంగుళాల పానా, వీలైతే డిస్ట్రిబ్యూటర్ బోల్టు కోసం చేసిన వంపు పానా
- కనీసం ఒకటిన్నర అడుగుల పొడవైన చదును స్క్రూడ్రైవర్
- ప్లగ్ సాకెట్, టైమింగ్ లైట్, మల్టీమీటర్
- ఇంజన్ ఆయిల్ లేదా అసెంబ్లీ గ్రీజు, డైఎలెక్ట్రిక్ గ్రీజు
- తెల్ల పెయింటు లేదా మార్కర్, అంటించే టేపు, ఫోను
- పడవ గట్టు మీద ఉంటే ఇంజన్‌కు నీరందించే ఫ్లష్ మఫ్‌లు, తోట గొట్టం

పని చేసే క్రమం

1. ఇంజన్ మూత తెరిచి కొంతసేపు గాలి ఆడనివ్వండి. అడుగున పెట్రోలు వాసన వస్తే పని అక్కడే ఆపి, ముందు ఆ కారుట సంగతి చూడండి. వాసన లేదని తేలిన తరువాతే, పాయింట్ల ఇంజన్ అయితే పదవ అంచెలో చెప్పిన కాయిల్ కొలత ముగించుకుని, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి.

2. ఏ వైరు ఎక్కడ ఉన్నదో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. ప్రతి ప్లగ్ వైరుకూ టేపు అంటించి సిలిండర్ నంబరు రాయండి. ఈ ఇంజన్‌లో ఒకటవ సిలిండర్ పుల్లీలున్న కొసలో ఉంటుంది. పుల్లీల వైపు ముఖం పెట్టి నిలబడితే మీ కుడిచేతి వైపు వరుస 1, 3, 5, 7, ఎడమచేతి వైపు వరుస 2, 4, 6, 8. పడవ ముందు, వెనుకలను బట్టి లెక్కపెట్టవద్దు. వి-డ్రైవ్ పడవల్లో ఇంజన్ వెనక్కి తిరిగి కూర్చుని ఉంటుంది కాబట్టి ఎడమ, కుడి తారుమారవుతాయి.

3. ఒకటవ సిలిండర్ ప్లగ్ తీసి, ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టి, ఇంకొకరి చేత పుల్లీ బోల్టును పానాతో మెల్లగా తిప్పించండి. ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే తిప్పాలి. లోపలి గాలి వేలిని బయటికి నెట్టిందంటే పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకులో పైకి వస్తున్నట్లు. అప్పుడు పుల్లీ మీది గీతను చూస్తూ, సున్నా (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) దగ్గర కాక, మీ పుస్తకంలో ఇచ్చిన ప్రారంభ టైమింగ్ దగ్గర ఆపండి. ఈ ఇంజన్లకు చాలాచోట్ల అది సున్నాకు ముందు 8 లేదా 10 డిగ్రీలు ఉంటుంది. కొత్త డిస్ట్రిబ్యూటర్ తయారీదారు వేరే అంకె ఇచ్చి ఉంటే దానినే పాటించండి. ఇలా ఆపితే, చివరలో ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంటుంది. వేలికి గాలి తగలకుండా గీత ఒక్కటే కలిసిందంటే అది ఎగ్జాస్ట్ స్ట్రోకు. ఇంకొక పూర్తి చుట్టు తిప్పాలి. మొదటిసారి నేను ఈ తప్పే చేసి, అరపూట కార్బురెటర్‌ను తిట్టుకుంటూ గడిపాను.

4. పాత క్యాప్ తీసి పక్కన పెట్టండి. రోటర్ కొస ఎటు చూస్తున్నదో దాని ఎదురుగా ఇంజన్ మీద పెయింటుతో ఒక గీత పెట్టండి. డిస్ట్రిబ్యూటర్ ఒంటికీ, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కూ కలిపి మరో గీత పెట్టండి.

5. తీగలు విప్పి, డిస్ట్రిబ్యూటర్‌ను పట్టి ఉంచే క్లాంపును బోల్టు విప్పి తీసేసి, డిస్ట్రిబ్యూటర్‌ను నిటారుగా పైకి లాగండి. గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి లేస్తున్నప్పుడు రోటర్ కొంచెం తిరుగుతుంది. పళ్లు విడిన క్షణంలో అది ఎటు చూస్తున్నదో మూడవ గీత పెట్టండి. దింపేటప్పుడు మొదలుపెట్టవలసింది ఈ మూడవ గీత దగ్గరి నుంచే.

   బయటికి రాగానే రంధ్రాన్ని శుభ్రమైన పెద్ద గుడ్డతో మూసివేయండి. ఒక వాషర్ అందులో పడిందంటే పూట పని వారం పని అవుతుంది. ఇక్కడి నుంచి మళ్లీ బిగించేవరకు ఎవరూ తాళం చెవి తిప్పకూడదు. ఈ ఇంజన్‌లో ఆయిల్ పంపును తిప్పేది డిస్ట్రిబ్యూటర్ షాఫ్టే. అది లేకుండా తిప్పితే ఆయిల్ అందదు, పెట్టుకున్న గుర్తులు కూడా పోతాయి.

6. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పొడవు, గేరు ఎత్తు, అడుగున ఆయిల్ పంపు షాఫ్ట్‌ను పట్టుకునే భాగం ఒకేలా ఉన్నాయా అని పోల్చండి. పాత గేరు పళ్లు చాకు అంచులా పదునెక్కి ఉంటే క్యామ్‌షాఫ్ట్ గేరు కూడా అరిగి ఉండే అవకాశం ఉన్నది కాబట్టి, టార్చి వేసి రంధ్రంలోకి చూడండి.

7. పాత గాస్కెట్ గీకివేసి, కొత్తది వేసి, గేరుకు ఆయిల్ లేదా గ్రీజు పూసి, రోటర్‌ను మూడవ గీతకు ఎదురుగా పట్టుకుని డిస్ట్రిబ్యూటర్‌ను నిటారుగా దింపండి. దిగుతూ రోటర్ తిరిగి, మొదటి గీత దగ్గర ఆగాలి.

   చాలామంది చిక్కుకునేది ఇక్కడే. గేరు పడుతుంది, రోటర్ సరైన చోటే ఆగుతుంది, కానీ డిస్ట్రిబ్యూటర్ అంచుకూ మ్యానిఫోల్డ్‌కూ మధ్య కొద్దిగా ఎడం మిగులుతుంది. ఆయిల్ పంపు షాఫ్ట్ గాడి కలవలేదని దాని అర్థం. క్లాంపు బోల్టుతో ఆ ఎడాన్ని నొక్కి బిగించే ప్రయత్నం ఎన్నటికీ చేయవద్దు. అంచు విరుగుతుంది, లేదా పంపు షాఫ్ట్ వంగుతుంది. డిస్ట్రిబ్యూటర్‌ను పైకి తీసి, పొడవైన స్క్రూడ్రైవర్‌తో ఆయిల్ పంపు షాఫ్ట్‌ను కొద్దిగా తిప్పి, మళ్లీ దింపండి. రెండు మూడు సార్లు ప్రయత్నించవలసి రావచ్చు. చేతి ఒత్తిడితోనే అంచు పూర్తిగా ఆనాలి.

8. రోటర్ మొదటి గీతకు అచ్చంగా ఎదురుగా ఆగలేదని కంగారు పడనక్కరలేదు. ఈ గేరుకు 13 పళ్లుంటాయి. ఒక పన్ను తేడా అంటే దాదాపు 28 డిగ్రీలు. ఎనిమిది సిలిండర్ల క్యాప్‌లో ఒక గూటికీ ఇంకో గూటికీ మధ్య దూరం 45 డిగ్రీలు. కాబట్టి ఒంటిని కొంచెం తిప్పి రోటర్ కొసకు ఎదురుగా ఒక గూడు వచ్చేలా చేసి, దానినే ఒకటవ నంబరు అనుకోవచ్చు. ఒంటిని రెండు వైపులా తిప్పడానికి చోటు మిగిలి ఉండాలన్నది ఒక్కటే షరతు. మాడ్యూల్ (పాయింట్లకు బదులు పనిచేసే ఎలక్ట్రానిక్ భాగం) పెట్టో, క్యాప్ అంచో మ్యానిఫోల్డ్‌కు, పెట్రోలు గొట్టానికి, ఫ్లేమ్ అరెస్టర్‌కు (కార్బురెటర్ మీద మంటను ఆపే జాలీకి) తగులుతుంటే తీసి ఒక పన్ను జరపండి. పడవ మూత మూసినప్పుడు తగలదు కదా అని కూడా ఇప్పుడే చూసుకోండి.

9. క్లాంపును చేతితో గట్టిగా తిప్పితే తిరిగేంత బిగువుగా మాత్రమే బిగించండి. క్యాప్ పెట్టి, రోటర్ ఎదుటి గూటి నుంచి మొదలుపెట్టి, గడియారపు ముళ్ల దిశలో 1-8-4-3-6-5-7-2 వరుసలో వైర్లు పెట్టండి. 3.0 లీటర్ల ఇంజన్‌కు 1-3-4-2, 4.3 లీటర్ల దానికి 1-6-5-4-3-2. క్యాప్ గూళ్లలో కొద్దిగా డైఎలెక్ట్రిక్ గ్రీజు పెడితే తేమ చేరదు. సముద్రపు నీటిలో తిరిగే పడవకు ఇది తప్పనిసరి. 5, 7 సిలిండర్లు పక్కపక్కన ఉంటూ ఒకదాని వెంట ఒకటి అంటుకుంటాయి కాబట్టి వాటి వైర్లను ఆనించి పక్కపక్కన లాగవద్దు. ఒకదాని రవ్వ ఇంకోదానిలో పుడుతుంది.

10. ఇక తీగలు. అమెరికా పడవల్లో ఇగ్నిషన్ నుంచి వచ్చే 12 వోల్టుల తీగ ఊదారంగుది, టాకోమీటర్‌ది బూడిదరంగుది. పాయింట్లతో నడిచిన ఇంజన్లలో కాయిల్‌కు (రవ్వ కోసం వోల్టేజీని పెంచే చుట్టకు) వెళ్లే వోల్టేజీని తగ్గించడానికి ప్రత్యేకమైన నిరోధక తీగ ఉంటుంది. కొత్త ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్లు చాలావరకు పూర్తి 12 వోల్టులు కోరతాయి. వారి కాగితం ఏమి చెబుతున్నదో చదవండి. దీన్ని కొలవడంలో ఒక మోసం ఉన్నది. కరెంటు ప్రవహించనప్పుడు నిరోధక తీగ చివర కూడా మీటరు 12 వోల్టులే చూపుతుంది. అందుకని పాతది విప్పకముందే, పాయింట్లు మూసుకుని ఉండగా, తాళం ఆన్‌లో పెట్టి కాయిల్ పాజిటివ్ దగ్గర కొలవాలి. అప్పుడు 10 కన్నా తక్కువ కనిపిస్తే నిరోధక తీగ ఉన్నట్లే. దాన్ని పక్కనపెట్టి, తాళం నుంచి నేరుగా, తగిన ఫ్యూజుతో కొత్త తీగ లాగాలి. కాయిల్ ప్రైమరీ నిరోధం కొత్త డిస్ట్రిబ్యూటర్ కోరినంత ఉన్నదా అని మల్టీమీటర్‌తో చూడండి. అంతకంటే తక్కువ ఓంల కాయిల్ వేస్తే మాడ్యూల్ మాడిపోతుంది.

11. ప్లగ్ తిరిగి బిగించి, గుడ్డలు, పనిముట్లు తీసేసి, బ్యాటరీ కలపండి. టైమింగ్ లైటు క్లిప్పులను కూడా ఇప్పుడే బ్యాటరీకి తగిలించి, దాని సెన్సర్‌ను ఒకటవ ప్లగ్ వైరుకు పట్టించండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర రవ్వలు పుట్టించే పని పెట్టుకోకూడదు. తరువాత ఇంజన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే బ్లోయర్‌ను కనీసం 4 నిమిషాలు నడపండి. నీరు ఇంజన్‌కు అందుతున్నదని చూసుకోండి. నీరు లేకుండా నడిపితే పంపు ఇంపెల్లర్ కొద్ది సెకన్లలోనే పాడవుతుంది. ఫ్లేమ్ అరెస్టర్ లేకుండా ఇంజన్ ఎప్పుడూ స్టార్ట్ చేయవద్దు.

స్టార్ట్ చేసిన తరువాత సరిచూసుకోవడం

మొదటి చూపు టైమింగ్ మీద కాదు, ఆయిల్ ప్రెషర్ మీటరు మీద ఉండాలి. కొద్ది సెకన్లలో ముల్లు లేవకపోతే వెంటనే ఆపండి. గేరు పట్టినా ఆయిల్ పంపు షాఫ్ట్ పట్టకపోతే ఇంజన్ హాయిగానే నడుస్తుంది, ఆయిల్ లేకుండా నడుస్తుంది. మళ్లీ ఏడవ అంచెకు వెళ్లాలి.

ప్రెషర్ వచ్చిందంటే ఇంజన్‌ను వేడెక్కనిచ్చి, పుస్తకంలో చెప్పిన ఐడిల్ వేగానికి దించి, టైమింగ్ లైటుతో పుల్లీ గీత చూడండి. ఐడిల్ ఎక్కువగా ఉంటే లోపలి అడ్వాన్స్ అప్పటికే మొదలై, అంకె తప్పుగా కనిపిస్తుంది. కొన్ని ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్లు తమ టైమింగ్‌ను తామే మార్చుకుంటాయి. వాటికి ప్రారంభ టైమింగ్ చూసేముందు ఒక తీగను జంపర్‌తో కలిపి, ఆ మార్పును ఆపాలి. ఆ అంచె మరచిపోయి ఒంటిని తిప్పుతూ పోతే ఎన్నటికీ కుదరదు. ఒంటిని కొంచెం కొంచెం తిప్పి అంకె కుదిరాక క్లాంపు బోల్టు బిగించండి. బిగించేటప్పుడు ఒళ్లు కదులుతుంది కాబట్టి లైటు వేసి మరొకసారి చూడండి. ఈ రెండవ చూపు మానేసేవారే ఎక్కువ.

టైమింగ్‌ను చెవితో పెట్టవద్దు. కారు మెకానిక్కులు కొందరు ఇంజన్ ‘కొట్టే’ (టకటకమని చప్పుడు చేసే) వరకు ముందుకు జరిపి, కొంచెం వెనక్కి తీస్తారు. పడవలో ఎగ్జాస్ట్, నీటి హోరులో ఆ చప్పుడు వినబడదు. వినబడేసరికి పిస్టన్ చెడిపోయి ఉంటుంది. ఇక్కడ అంకెనే నమ్మాలి.

వేగం పెంచుతూ అడ్వాన్స్ సాఫీగా పెరుగుతున్నదా అని చూడటం, గరిష్ఠ అంకె పుస్తకంతో పోల్చడం పడవ నీటిలో ఉన్నప్పుడే చేయండి. మఫ్‌ల మీద అంత వేగానికి నీరు చాలదు. ఒకరు స్టీరింగ్ దగ్గర ఉండాలి, ఒకరు లైటు పట్టాలి, దుస్తుల కొసలు, జడలు బెల్టులకు దూరంగా ఉండాలి. తరువాత సరస్సులోకి వెళ్లి పూర్తి వేగం ఇచ్చి, టాకోమీటర్ పుస్తకంలోని పరిమితి నడుమ ఆగుతున్నదా చూడండి. ఈ ఇంజన్లలో అనేకానికి అది 4,400 నుంచి 4,800 వరకు.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి?

ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోకుండా కార్బురెటర్ నుంచి ఫట్‌మంటే డిస్ట్రిబ్యూటర్ సగం చుట్టు తప్పు కూర్చున్నదన్నమాట. డిస్ట్రిబ్యూటర్‌ను కదపకుండా, క్యాప్ మీది ప్రతి వైరునూ ఎదుటి గూటికి మార్చి చూడండి. అందుకుంటే కారణం దొరికినట్లే. ఇక వైర్లను అలాగే ఉంచుకోవచ్చు.

స్టార్టర్ ఆగి ఆగి, ఎదురు తన్నినట్లు తిరిగితే టైమింగ్ మరీ ముందున్నది. నడుస్తూ బలం లేక, ఎగ్జాస్ట్ అతిగా వేడెక్కితే మరీ వెనకున్నది. కుదుపుతో నడిచి, ఒక్కో వైరు తీసినప్పుడు రెండు సిలిండర్లకు మాత్రం మార్పు లేకపోతే, ఆ రెండు వైర్లు ఒకదాని స్థానంలో ఒకటి ఉన్నాయి. వైరు లాగేటప్పుడు రబ్బరు పిడి ఉన్న పట్టకారు వాడండి, లేదా ఇంజన్ ఆపి మార్చండి.

నడిచి నడిచి వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ అందుకుంటే మాడ్యూల్‌కు ఎర్త్ సరిగా లేకపోవడమో, కాయిల్ పొసగకపోవడమో చూడండి. క్లాంపు కింద తుప్పు, పెయింటు ఉంటే డిస్ట్రిబ్యూటర్ ఒంటి నుంచి ఇంజన్ బ్లాక్‌కు ఒక నల్ల తీగ విడిగా వేయడం మంచిది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు తాళం ఆన్‌లో వదిలి సరస్సు అందాలు చూస్తూ కూర్చోవడం కూడా కాయిల్‌నూ, మాడ్యూల్‌నూ కాల్చే మార్గమే.

అంకెలన్నీ కుదిరినా ఇంజన్ తీరు బాగోకపోతే పుల్లీ మీది గీతనే అనుమానించండి. పాత హార్మోనిక్ బ్యాలెన్సర్‌లో (గీత ఉండే, అదురు తగ్గించే చక్రంలో) లోపలి రబ్బరు జారి, బయటి వలయం గీతతో సహా పక్కకు జరిగి ఉండవచ్చు. ఒకటవ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ను అడ్డగించే పనిముట్టు) బిగించి, చేతితో రెండు దిశల్లోనూ మెల్లగా, అది తగిలేవరకు తిప్పి, రెండుచోట్లా పుల్లీ మీద గుర్తు పెడితే, ఆ రెండు గుర్తుల సరిగ్గా నడుమ వచ్చేదే అసలు సున్నా. పాత గీత దానితో కలవకపోతే బ్యాలెన్సర్ మార్చి, టైమింగ్ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి.

మొదటి రెండు మూడు ప్రయాణాల తరువాత క్లాంపు బోల్టు బిగువును, గాస్కెట్ దగ్గర ఆయిల్ చెమ్మను చూసుకోండి. తీసిన పాత డిస్ట్రిబ్యూటర్ పనిచేసేదే అయితే, దాన్ని పారవేయకుండా ఆయిల్ రాసి, సంచిలో కట్టి, పడవ సొరుగులో ఉంచండి.